మంగళవారం గడి

“సూది గుచ్చింది పది పదహైదుకి. మనిషి పడిపోయింది పదకొండు యాభైకి. ఆసుపత్రిలో చూస్తే ఒంట్లో చక్కెర ఇరవై ఎనిమిదే, డెబ్బైకి తగ్గకూడదంట. గుచ్చినోడు రహమతుల్లా. ఇంగేం కావాలన్నా నీకు?”

సి.ఐ. శివప్రసాద్ ఆ మాట అంటూ గది మధ్యలోని ఇనుప మంచాన్ని లాఠీతో తట్టాడు. మంగళవారం డాక్టర్ గ్రేస్ ఆ మంచం పక్కనే కూలిపోయింది. ఇప్పుడు గురువారం ఉదయం తొమ్మిదిన్నర.

డిటెక్టివ్ రామాంజులు తలెత్తాడు. అతని చూపు సి.ఐ. భుజం మీది మూడు నక్షత్రాల దగ్గర ఆగింది. పదకొండేళ్ల కిందట రామాంజులు ఎస్సైగా ఉన్నప్పుడు ఈ శివప్రసాద్ అతని దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు. ఒక జంట హత్యల కేసులో రామాంజులు పట్టిన ఆధారాన్ని తనదిగా పైవాళ్లకు చూపించి మెడల్ కొట్టేశాడు. రామాంజులు రాజీనామా చేసి ప్రొద్దుటూరులో సొంత ఏజెన్సీ పెట్టుకున్నాడు. శివప్రసాద్ ఎదుగుతూ పోయాడు. ఆ నక్షత్రాలు కనిపించినప్పుడల్లా రామాంజులుకు కడుపులో మంట రేగుతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పడు గానీ తనకు తాను ఎన్నడూ దాచుకోలేదు.

జమ్మలమడుగులోని ఆ అద్దె హాలు ఒక వైద్య పరిశోధన కేంద్రం. ఎముకల గూళ్లలా ఉండే బక్క ఆడవాళ్లకు కూడా షుగర్, థైరాయిడ్, నెలసరి తప్పే జబ్బులు ఎందుకొస్తున్నాయన్నది గ్రేస్ రెండేళ్లుగా వెతుకుతున్న ప్రశ్న. లింగాల, పులివెందుల వైపు గొర్రెలు మేపే కుటుంబాల నుంచి రెండు వందల మంది ఆడవాళ్లు ఆమెను నమ్మి వచ్చారు. ఒక్కొక్కరి చేతికి రూపాయి బిళ్లంత సెన్సర్ అంటిస్తారు. అది ఐదు నిమిషాలకోసారి ఒంట్లోని చక్కెరను కొలిచి గీత గీస్తుంది. పోల్చి చూడటానికి షుగర్ లేని మనిషి కూడా కావాలని గ్రేస్ తన చేతికే ఒకటి అంటించుకుంది. రికార్డులో ఆమె పేరు సున్నా నంబరు.

రహమతుల్లా అక్కడి ల్యాబ్ టెక్నీషియన్. విదేశీ పత్రికలో అచ్చయిన పరిశోధన వ్యాసంలో తన పేరు లేదని పది రోజుల కిందట అందరి ముందూ గ్రేస్‌తో గొడవపడ్డాడు. మంగళవారం ఆమె చేతికి సూది గుచ్చింది అతనే. రక్తం తీసే నెపంతో ఇన్సులిన్ ఎక్కించాడని శివప్రసాద్ ఆ సాయంత్రమే అరెస్టు చేశాడు. నిన్న అతని తల్లి షాహీదాబీ రామాంజులు ఆఫీసుకొచ్చి కుర్చీలో కూడా కూర్చోలేదు.

“నా కొడుక్కు కోపముండాది రామాంజులన్నా, కాదనను. పేరు ఏయలేదని మూడు దినాలు సరిగా కూడు తినలే. కానీ ఆ యమ్మను వాడు అక్కా అని పిలుస్తాడు. అల్లా తోడు, వాడు చేసిండడు.”

రామాంజులు మంచం పక్కన నిలబడి ఉన్న నర్సు ఈశ్వరమ్మ వైపు తిరిగాడు.

“సున్నా నంబరు గీత తెరువమ్మా. మంగళవారం తొమ్మిదికి ఎంత?”

ఈశ్వరమ్మ టాబ్‌లో వేలు జరిపింది. “నూట పన్నెండు సార్.”

“తొమ్మిదిన్నరకు?”

“ఎనభై ఎనిమిది.”

“పదికి?”

“డెబ్బై.”

“పది పదహైదుకి?”

ఈశ్వరమ్మ మళ్లీ చూసింది. “అరవై ఒకటి.”

“సూది పడకముందే జారతాండాది శివా,” అన్నాడు రామాంజులు.

“అది మిషనన్నా. చర్మం కింద చూసే యంత్రం రక్తం కంటే పది నిమిషాలు లేటుగా చెప్తాదంట. నేనూ డాక్టర్లను అడిగినా.”

“లేటుగా చెప్తే మరీ మేలు. నిజంగా ఇంకా ముందే పడిపోయిందని గదా అర్థం.”

వెనక ఉన్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకున్నాడు. శివప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి.

“నువ్వు రాజీనామా ఇచ్చి ఎన్నేండ్లయినా నేనింగా నీ కింద పని నేర్చుకునేవాన్నే అనుకుంటాండావు. టీవీలో నా మొగం కనపడితే నీకు నిద్ర పట్టదని శానామందికి తెలుసులే.”

“పట్టదు. నిజమే. దానికీ ఈ గీతకూ సంబంధం లేదు.” రామాంజులు గొంతు పెంచలేదు. “ఈశ్వరమ్మా, ఆ పొద్దు రహమతుల్లా తీసిన రక్తం యాడుంది?”

ఈశ్వరమ్మ మూలనున్న ఫ్రీజర్ తెరిచింది. సున్నా నంబరు అరలో మూడు చిన్న ట్యూబులున్నాయి. జూన్, జులై, ఆగస్టు. ఆగస్టు ట్యూబు మీద మంగళవారం తేదీ, పది పదహైదు అన్న టైము రహమతుల్లా చేతిరాతలోనే ఉన్నాయి.

“మేడమ్‌ది గూడా అందరి మాదిరే నెలకొకసారి తీసి దాస్తాం సార్. అన్నీ కలిపి ఆఖర్న పరీక్ష చేస్తారు.”

“శివా, ఇది ఆ సూదిలోంచి వచ్చిన రక్తమే. దీంట్లో ఏముందో అది సూది పడకముందే ఆమె ఒంట్లో ఉండాది. మన ఒంట్లో ఇన్సులిన్ పుడితే దాంతో పాటే సి-పెప్టైడ్ అని ఇంగోటి పుడతాది, కవలపిల్లల మాదిరి. సీసాలో అమ్మే ఇన్సులిన్‌కు ఆ కవల ఉండదు. అంతకుముందే ఎవరన్నా ఇన్సులిన్ ఎక్కించింటే ఈ ట్యూబులో కవల కనపడదు. ఇన్సులిన్‌తో పాటు అదీ ఎక్కువగా ఉంటే నీ సూది కథ అబద్ధం.”

ట్యూబులు కదిలించాలంటే పరిశోధనలో రెండో డాక్టరైన లక్ష్మీప్రియ అనుమతి కావాలి. ఆమె పులివెందులలో ఉంది. ఈశ్వరమ్మ ఫోను స్పీకరులో పెట్టింది. అవతల నుంచి గొంతు తడుముకోకుండా వచ్చింది: “ఆగస్టుదొక్కటే ఏంది, మూడూ ప్రొద్దుటూరు ల్యాబుకు పంపండి. హార్మోన్లన్నీ చూడమని రాయండి. రిపోర్టు నా ఫోనుకు పెట్టమనండి.”

“నా కానిస్టేబులే తీసకపోతాడు,” అన్నాడు శివప్రసాద్. “తర్వాత కోర్టులో నువ్వే మార్చినావంటారు. నేనూ పదకొండుకు ప్రొద్దుటూరు పోతాండా. గ్రేస్ మేడమ్‌కు తెలివొచ్చిందంట, స్టేట్‌మెంట్ తీసుకోవల్ల.” గుమ్మం దాటబోతూ ఆగాడు. “ఈసారి నువ్వు తప్పయితే ఒప్పుకుంటావా అన్నా?”

రామాంజులు కారు తాళం తీసుకున్నాడు. రహమతుల్లా నిర్దోషి కావాలని తాను కోరుకుంటున్నది షాహీదాబీ కోసమా, శివప్రసాద్ ఓడిపోవడం కోసమా అన్నది అతనికే తేలలేదు.

పదకొండుంబావుకు అతను పులివెందులలో ఉన్నాడు. పరిశోధన వాళ్లు అద్దెకు తీసుకున్న ఇంట్లో ముందు గది ఆఫీసు, వెనక గదుల్లో లక్ష్మీప్రియ తన తల్లితో ఉంటోంది. సోమవారం లింగాల క్యాంపు ముగించుకొని గ్రేస్ ఆ ఇంట్లోనే పడుకుంది.

లక్ష్మీప్రియకు ముప్పై ఐదేళ్లుంటాయి. కూర్చోమని చెప్పి తానూ ఎదురుగా కూర్చుంది.

“మంగళవారం ఆమె లేచిన కాడి నుంచీ చెప్పండి.”

“ఆరున్నరకు లేచింది. ఎనిమిదికి టిఫిన్. ఎనిమిదీ ఇరవైకి కారెక్కింది. జమ్మలమడుగు చేరేసరికి పది కావస్తోందని ఫోన్ చేసింది.”

“టిఫిన్ ఏంది?”

“ఉగ్గాని, బజ్జీ. మాయమ్మ చేసింది. ఒకే గిన్నెలోది ముగ్గురమూ తిన్నాం. కాఫీ గ్రేస్ తాగదు.”

“దారిలో ఆగిందా?”

“డ్రైవర్ని అడిగినా. యాడా ఆగలేదు.”

“ఆమె మీద మీకు కోపముందని మీ స్టాఫే చెప్పినారు.”

“కోపం కాదు సార్. అసూయ.” ఆమె ఆ మాటను మెత్తగా చుట్టి చెప్పే ప్రయత్నం చేయలేదు. “మాయమ్మ సుబ్బలక్ష్మమ్మ ఎండలో గొర్రెల వెంట నడిచే మనిషి. ఒంట్లో పిడికెడు కొవ్వు లేదు. ఆమెకు షుగరెట్లా వచ్చిందని అడిగింది నేను. ఈ పరిశోధనకు మొదటి ప్రశ్న అదే. కానీ నాకు రాసేది రాదు. గ్రేస్ రాసింది. మొదటి పేరు తనది, రెండోది నాది. మూడు వారాలు నేను తనతో సరిగా మాట్లాడలేదు.”

“తర్వాత?”

లక్ష్మీప్రియ చేతులు ఒళ్లో పెట్టుకుంది. “తర్వాత తనే మారిపోయింది. రెండు నెలలుగా మనిషి మొద్దుబారింది. మొగం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, ఎండాకాలం మాదిరి ఎండల్లో శాలువా కప్పుకుంటాది. మొన్న క్యాంపులో అందరి ముందూ ఒక పేషంటు పేరు మర్చిపోయింది. ఏడాదిగా తెలిసిన మనిషి పేరు. నాకు లోపల సంతోషమయింది సార్. చెప్పాలంటే సిగ్గుగా ఉంది. కానీ అయింది.”

రామాంజులు నోట్‌బుక్ మూసి పెట్టాడు. ఇంతవరకు ఇలా ఒప్పుకున్న మనిషిని అతను చూడలేదు. శివప్రసాద్ పడిపోతే తనకూ సంతోషమేనని అతను ఒప్పుకోగలడా?

“ఆమె పడుకున్న గది చూపించండి.”

గదిలో మంచం, స్టీలు చెంబు, కిటికీ గూట్లో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉన్నాయి. డబ్బాలో ఏడు గళ్లు, ఒక్కోదాని మీద వారం పేరు. సోమ, మంగళ గళ్లు ఖాళీ. బుధవారం నుంచి ఆదివారం దాకా ఒక్కో గడిలో రెండేసి చిన్న తెల్లమాత్రలు ఉన్నాయి.

“ఇవేంది?”

“థైరాయిడ్ మాత్రలు. పదేళ్లుగా వేసుకుంటోంది. లేస్తానే పరగడుపున వేసుకుంటాది. మంగళవారం కారు టైముకు డబ్బా ఈడే మర్చిపోయింది.”

“లేస్తానే అంటే, ఆరున్నరకు.” అతను బుధవారం గడిలోని మాత్ర ఒకటి తీసి అంచు గిల్లి నాలుక మీద పెట్టుకున్నాడు.

“సార్! ఏం చేస్తాండారు!”

“తియ్యగా ఉండాది.”

లక్ష్మీప్రియ అతని చేతిలోంచి మాత్ర లాక్కుని వెలుతురులో తిప్పి చూసింది. గోటితో నొక్కితే పిండిలా రాలింది. “ఇది థైరాయిడ్ మాత్ర కాదు,” అంది నెమ్మదిగా. “హోమియో షాపుల్లో మందు కలపను వాడే ఉత్త పాలచక్కెర బిళ్ల. మందే లేదు దీంట్లో.”

“ఈ డబ్బా నింపేది ఎవరు?”

ఆమె రాలిన పిండిని వేళ్ల మధ్య నలిపింది.

“రవికుమార్. వాళ్లాయన. ప్రొద్దుటూరులో హోమియో క్లినిక్ ఉంది. గ్రేస్‌కు తీరిక ఉండదని ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే తన చేతుల్తో నింపుతాడు. అది చూసే సార్ నాకు అన్నిటికంటే ఎక్కువ కడుపుమంట. పేపర్లో పేరు కంటే కూడా. నా మొగుడు నాకు జ్వరమొస్తే గ్లాసు నీళ్లు ఇయ్యలేదు. వదిలేసి వచ్చినా. దీనికి చూడు, మాత్రలు గూడా లెక్కబెట్టి పెడతాడే అనుకునేదాన్ని.”

అప్పుడే ఆమె ఫోను మోగింది. ప్రొద్దుటూరు ల్యాబు రిపోర్టు. టైము పన్నెండు పది. ఆమె దాన్ని పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివింది.

“మంగళవారం ట్యూబులో ఇన్సులిన్ ఎక్కువ. సి-పెప్టైడ్ కూడా అంతే ఎక్కువ. ఎవరూ సూది వేయలేదు సార్. ఆమె ఒళ్లే ఇన్సులిన్ కక్కింది. షుగర్ జబ్బుకు వేసే మాత్ర మింగితేనే అట్లా అవుతాది. అది పనిచేసేకి రెండు మూడు గంటలు పడతాది.”

“ఆరున్నరకు మింగితే తొమ్మిదికల్లా జారడం మొదలు. తక్కిన రెండు నెలలవీ చెప్పండి.”

“టి.ఎస్.హెచ్. అని ఉంటాది. థైరాయిడ్ మందు అందకపోతే అది పెరుగుతాది. నాలుగూ ఐదూ దాటకూడదు. జూన్‌లో రెండు. జులైలో పంతొమ్మిది. ఆగస్టులో...” ఆమె మళ్లీ చూసింది. “అరవై మూడు.”

రామాంజులు అన్నీ వరసగా పేర్చుకున్నాడు. జూన్ ట్యూబు తీసిన తర్వాత ఎప్పుడో ఆ డబ్బాలోకి పాలచక్కెర బిళ్లలు వచ్చాయి. రెండు నెలలు గ్రేస్ వాటినే మింగింది. మంగళవారం గడిలో మాత్రం మరో మందు పడింది. మనిషి ప్రొద్దుటూరులో కూర్చున్నాడు, మాత్ర పులివెందులలో గొంతు దిగింది, శరీరం జమ్మలమడుగులో కూలింది. సూది పట్టినవాడు జైలుకెళ్లాడు.

“మంగళవారమే ఎందుకు?” అన్నాడు రామాంజులు.

“సోమవారం రాత్రి అన్నం తింటా గ్రేస్ చెప్పింది. ‘ఒంట్లో బాగలేదు, మంగళవారం నా ట్యూబులు నేనే పరీక్షకు పంపుతా’ అని. ‘రవికి కూడా ఆదివారం పొద్దున్నే చెప్పినా’ అంది.” లక్ష్మీప్రియ ఒక్కసారిగా లేచి నిలబడింది. “సార్, పొద్దున రవి ఫోన్ చేసినాడు. గ్రేస్‌ను మధ్యాహ్నం రూముకు మారుస్తాండారంట. రెండు దినాలుగా థైరాయిడ్ మాత్ర పడలేదు, ఇంటి నుంచి నేనే తెచ్చి వేస్తానన్నాడు.”

ఆసుపత్రి నంబరుకు ఆమె మూడుసార్లు కలిపింది. ఎవరూ ఎత్తలేదు.

రామాంజులు బయటికి పరుగెత్తి కారు తలుపు తీశాడు. ప్రొద్దుటూరు చేరాలంటే ఎంత తోలినా గంటన్నర. శివప్రసాద్ ఈపాటికి ఆసుపత్రి గుమ్మంలో ఉంటాడు. ఫోను చేస్తే ఐదు నిమిషాల్లో పట్టుకుంటాడు. సాయంత్రం టీవీలో మళ్లీ ఆ మొహమే ఉంటుంది. మళ్లీ తన ఆధారం, వాడి పేరు.

తాళం పెట్టాడు. ఇంజను స్టార్టయింది. నిజంగానే పది అడుగులు ముందుకు పోయాడు. గేటు దగ్గర లక్ష్మీప్రియ నిలబడి అతన్నే చూస్తోంది. ఆమె మొహంలో ఉన్నది భయం ఒక్కటే.

బ్రేకు వేశాడు. వాచీ పన్నెండు పధ్నాలుగు చూపిస్తోంది.

“శివా, యాడుండావు?”

“ఆసుపత్రి ఎదురుగా హోటల్లో. ఏందన్నా, రిపోర్టు వచ్చిందా? ఓడిపోయినావా?”

“గ్రేస్ రూముకు పరుగెత్తు. రవికుమార్ మాత్రలు ఏస్తాడు. ఏయనీయొద్దు. వాడే.”

“వాళ్లాయనా? మతిపోయిందా నీకు?”

“కేసు నీదే, పేరూ నీదే వేసుకో. నేను నోరెత్తను. ముందు పరుగెత్తు రా!”

ఫోను కట్ కాలేదు. ప్లేటు కిందపడిన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు, ఆపైన బూట్ల చప్పుడు రామాంజులు చెవిలో పడ్డాయి.

ఒకటీ యాభైకి అతను ప్రొద్దుటూరు ఆసుపత్రి మెట్లెక్కుతుంటే శివప్రసాద్ ఎదురొచ్చాడు. చొక్కా చెమటతో తడిసింది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో రెండు తెల్లమాత్రలు ఉన్నాయి.

“గ్రేస్ మేడమ్ వీటిని అరచేతిలో పెట్టుకోనుండాది అన్నా. ఇంగో చేతిలో నీళ్ల గ్లాసు. నేను పోయి చెయ్యి తోసేసినా. ఒక్క నిమిషం లేటయింటే...” రామాంజులు తను వృథా చేసిన రెండు నిమిషాల గురించి చెప్పలేదు.

డ్యూటీ డాక్టర్ల గదిలో రవికుమార్ ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా. రామాంజులు ఎదురుగా నిలబడి ఒకటే అడిగాడు.

“చంపాలనుకుంటే మొదటి రోజే చంపొచ్చు. రెండు నెలలు ఎందుకు?”

“చంపాలనుకోలేదు.” గొంతు మామూలుగానే ఉంది. “ఇంటర్లో ఇద్దరిదీ ఒకే బ్యాచ్. ఎంట్రెన్సుకు తనకు నోట్సు రాసిచ్చింది నేను. తనకు మెడికల్ సీటొచ్చింది, నాకు రాలేదు. నా క్లినిక్కుకు వచ్చే పేషంట్లు నాడి చూపించుకుంటానే అడుగుతారు, ‘గ్రేస్ మేడమ్ మొగుడు మీరేనా సార్’ అని. రోజూ. తను కొంచెం తగ్గితే చాలనుకున్నా. నాతో సమానంగా ఉంటే చాలు. తగ్గింది కూడా. ఇంట్లో ఉంటానంది. వంటింట్లో ఏదన్నా మర్చిపోతే నన్నే అడిగేది. ఈ రెండు నెలలూ మేము శానా సంతోషంగా ఉన్నాం సార్.”

“పరీక్షకు పంపుతానన్నాక?”

అతను తల దించుకున్నాడు. చొక్కా చేతి మడత సరిచేసుకున్నాడు.

కొంచెం తగ్గితే చాలు. రామాంజులు ఆ మాటను ఇంతకుముందు విన్నాడు. బయట ఎక్కడా కాదు. శివప్రసాద్ టీవీలో కనిపించిన ప్రతిసారీ తన లోపలే. అక్కడ నిలబడలేక వరండాలోకి వచ్చాడు.

“కింద టీవీ వాళ్లు వచ్చినారు,” అన్నాడు శివప్రసాద్ వెనకనే వచ్చి. కాసేపు టోపీని చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు. “నీ పేరు చెప్పమంటావా అన్నా?”

“రహమతుల్లాను బయటికి తెచ్చే కాగితాలు ముందు రాయి. వాళ్లమ్మకు నువ్వే ఫోన్ చెయ్. నీ నోటితోనే చెప్పు.”

శివప్రసాద్ తలూపి ఫోను తీశాడు.

గ్రేస్ గదిలో ఆమె తల్లి విజయమ్మ కూతురి కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగినట్టుంది. గ్రేస్ మాత్రం ఏడవలేదు. ఉబ్బిన మొహంతో, బొంగురు గొంతుతో, రోగిని అడిగినట్టు అడిగింది.

“ఎన్నాళ్ల నుంచి?”

“రెండు నెలలు. మీ టి.ఎస్.హెచ్. అరవై మూడు ఉండాదమ్మా.”

“అరవై మూడు.” ఆమె కళ్లు మూసుకుని ఆ అంకెను లోపల ఎక్కడో సరిచూసుకుంది. “సోమవారం నేను రాజీనామా ఉత్తరం రాసిపెట్టినా సార్. నా బుర్ర పనిచేయడం లేదు, పరిశోధన లక్ష్మీప్రియకు ఇచ్చేయండని. ముసలితనం రాకుండానే మతి పోతాందని నమ్మినా. రాత్రిళ్లు మా యమ్మ పేరు, నా స్కూలు పేరు చెప్పుకుంటా పడుకునేదాన్ని, పొద్దునకు గుర్తుంటాయో లేదో అని. రవి పక్కనుండి వింటా ఉండేవాడు. తల నిమిరేవాడు.” కళ్లు తెరిచింది. “అయితే నా బుర్ర చెడిపోలేదు.”

“లేదమ్మా.”

అప్పుడు ఏడ్చింది. విజయమ్మ లేచి కూతుర్ని పట్టుకుంది.

కాసేపటికి డ్యూటీ నర్సు కొత్త సీసా తెచ్చి అందరి ఎదుటే సీలు విప్పి, ఒక తెల్లమాత్ర గ్రేస్ అరచేతిలో పెట్టింది. నీళ్ల గ్లాసు అందించింది. వేల మందికి ఆ మాత్ర రాసిచ్చిన డాక్టర్ దాన్ని ఒకవైపు చూసింది. వేలితో తిప్పి రెండోవైపు చూసింది. సీసా అడిగి దాని మీది అక్షరాలన్నీ చదివింది. మాత్రను మళ్లీ అరచేతిలోకి తీసుకుంది.

నర్సు ఎదురు చూస్తోంది. తల్లి ఎదురు చూస్తోంది. గ్రేస్ చెయ్యి మాత్రం నోటిదాకా లేవలేదు.